వినే పెట్టెతో అమీర్‌పేటలో నాలుగు రోజులు

నాకు ప్రయాణాలంటే పెద్ద మోజు లేదు. యాభై ఒక్కేళ్ల వయసులో ఒంగోలు వదిలి హైదరాబాదు వెళ్లింది చార్మినారు చూడ్డానికి కాదు, చూడనూ లేదు. నా చేతిసంచిలో సబ్బుపెట్టెంత ప్లాస్టిక్ పెట్టెలు మూడున్నాయి. అవి అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల మీద పనిచేస్తాయో లేదో చూసి రావాలి, అంతే. నేను ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పదకొండేళ్లుగా డాక్టరేట్ రాస్తున్నాను. చివరికి పరీక్షకుడు నా గ్రంథాన్ని వెనక్కి పంపుతూ, "అంతా కంప్యూటర్లోనే చేశారు. నిజమైన వీధిలో, నిజమైన మనిషి చేతిలో ఎంతసేపు నడుస్తుందో ఒక పట్టిక చూపండి" అని రాశాడు. కోపమొచ్చింది. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు గనక ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

ఆ నాలుగు రోజులూ ఏం చేశావని అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. కొందరి పేర్లు మార్చాను. కొన్ని సందుల పేర్లు, దుకాణాల పేర్లు అసలు రాయలేదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఏం కోర్సు ఆంటీ?

అమీర్‌పేటలో నేను దిగింది ఆడపిల్లల హాస్టల్లో. గదికి నలుగురం. మిగతా ముగ్గురూ ఉద్యోగాల కోసం కోర్సులు నేర్చుకుంటున్న పాతికేళ్లలోపు పిల్లలు. నా సామాను మంచం కిందికి తోసేలోపే ఒకమ్మాయి, "ఏం కోర్సు ఆంటీ? డేటా సైన్సా?" అని అడిగింది. నేను ఆ పాఠాలు చెప్పేదాన్నమ్మా అంటే నమ్మలేదు. "ఈ వయసులో కూడా నేర్చుకోవచ్చు ఆంటీ, సిగ్గుపడొద్దు" అని ధైర్యం చెప్పింది. వీధిలోకి వచ్చినా అదే వరస. మెట్రో మెట్ల కింద కరపత్రాలు పంచేవాళ్లు నా చేతిలో కూడా కుక్కేవారు. నాకు అందిన కరపత్రాల ప్రకారం నలభై అయిదు రోజుల్లో నేను ఏమైనా అయిపోవచ్చు. పదకొండేళ్లు వృథా చేశాను కదా అనిపించింది.

హాస్టల్ ఎదుటి బండి మీద దోశ యాభై రూపాయలు. మధ్యలో ఉప్మా పెట్టి మడుస్తారు. మా ఒంగోల్లో దోశనీ ఉప్మానీ ఒకే ఆకులో వడ్డిస్తే ఇంటికొచ్చిన అల్లుడు అలుగుతాడు. ఇక్కడ ఆ రెండింటికీ పెళ్లి చేసేశారు. మొదటి రోజు ముఖం చిట్లించుకుని తిన్నాను. రెండో రోజు అడిగి మరీ వేయించుకున్నాను.

చిరునామాల సంగతి కూడా వేరు. మా ఊళ్లో దారి చెప్పాలంటే మనుషుల్ని చెబుతాం, ఫలానా మాస్టారింటి వెనక, ఫలానా డాక్టరు గారి సందు అని. ఇక్కడ మెట్రో స్తంభాల నంబర్లు చెబుతారు. పెళ్లి శుభలేఖ మీద కూడా పిల్లర్ నంబరు వేసుకున్నారు, నేను కళ్లారా చూశాను. ఒక దాని పక్కన ఒకటి వరస తప్పకుండా నిలబడ్డ నంబర్లు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. మనుషుల మీద కంటే వరసల మీద నాకు ఇష్టం ఎక్కువ.

పొద్దున ఏడింటికి హాస్టల్ సందులోకి కూరగాయల ట్రాలీ ఆటో వచ్చింది. మైకులో ముందే రికార్డు చేసిన గొంతు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాట అంటూ ధరలతో సహా తిరిగి తిరిగి అరుస్తోంది. నా చదువంతా ఆ మైకులోనే ఉంది గనక ఇక్కడే చెప్పేస్తాను. ఆ మైకు ఎవరినీ ఏమీ అడగదు. ఎంతమంది విన్నా దాని గొంతు అరగదు. మూడో అంతస్తులో ఎవరు విన్నారో ఆటో అతనికి తెలియదు. చిక్కల్లా ఒకటే. మీకు కావలసింది చిట్టచివర చెప్పే కొత్తిమీర ధర అయితే, మొదట్నించీ చెవొగ్గి కూర్చోవాలి. అదే మైకు మధ్యమధ్యలో "కొత్తిమీర రెండు నిమిషాల తర్వాత వస్తుంది" అని ఒక సూచిక చదివిందనుకోండి, మీరు ఆ రెండు నిమిషాలూ కునుకు తీసి సరిగ్గా ఆ వేళకి లేవొచ్చు. రేడియో వినే పెట్టెకి ఆ కునుకే ప్రాణం, ఎందుకంటే వింటున్నంతసేపూ బ్యాటరీ తినేస్తుంది. ఆ సూచిక ఎలా రాస్తే పెట్టె ఎక్కువసేపు నిద్రపోతుందన్నదే నా గ్రంథం.

పంజాగుట్టలో వందనాలు

నా పెట్టెల్ని అడిగినామె రూత్ సిస్టర్. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. తమ చర్చిలోని నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి పంజాగుట్టలో ఒక టైలరు దుకాణం పైన చిన్న గది నడుపుతున్నారు. ఇంట్లో ఉండలేక బయటపడాలనుకునే ఆడవాళ్లు అక్కడికి వస్తారు. వాళ్లు తలదాచుకోవడానికి ఊళ్లో అక్కడక్కడా మరికొన్ని గదులున్నాయి. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మమ్మల్నిద్దర్నీ ఫోన్లో కలిపింది.

"వందనాలు మేడమ్. రండ్రి, కూసోండ్రి. ముందుగాల తింటరా, చాయ్ తాగుతరా?" అన్నారు. తిన్నానండీ అన్నా వినకుండా గిన్నెలో బగారా అన్నం, దాల్చా పెట్టారు. మా వైపు పప్పులో మాంసం పడితే ఇద్దరు వంటవాళ్లు పోట్లాడుకున్నారనుకుంటాం. ఇక్కడ అది పండగ వంట. రెండోసారి నేనే పెట్టించుకున్నాను.

సంగతేమిటంటే, ఆవిడ మొదట్లో గదుల చిరునామాలు చీటీల మీద రాసిచ్చేవారు. ఒకసారి ఒకామె భర్తకి ఆ చీటీ బియ్యం డబ్బాలో దొరికి, అతను నేరుగా గది తలుపు కొట్టాడు. అప్పట్నుంచి చిరునామా ఎవరికీ ఇవ్వరు. వారం వారం గదులు మారుస్తారు. పోనీ ఫోన్లో చెబుదామంటే, ఆ ఫోన్లు మొగుళ్ల ఫోన్లతో ముడిపడి ఉంటున్నాయి. పెళ్లాం ఏ వీధిలో ఉందో ఇంట్లో కూర్చుని చూస్తారట.

ఆవిడ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశారు. "గీ డబ్బా ఎవలతోనన్న మాట్లాడుతదా?"

"మాట్లాడదండీ. వింటుంది, అంతే. పైనున్న ఉపగ్రహాల మాట విని తానెక్కడుందో తెలుసుకుంటుంది. మనం డాబా మీద పెట్టే ట్రాన్స్‌మిటర్ మాట విని చుట్టుపక్కల ఏముందో తెలుసుకుంటుంది. మందుల షాపు, ఆసుపత్రి, బస్టాపు, మీ గదులు. దారి మనిషి చెవిలో చెబుతుంది. తన గురించి ఎవరికీ చెప్పదు."

"గదే కావాలె. మరి దానికి యాదికుంటదా, యాడయాడ తిరిగిందో?"

"కొంచెం ఉంటుందండీ. ప్రయోగం కోసం. నా పట్టికకి కావాలి."

"మరిచిపోయేటట్టు చెయ్యుండ్రి."

"చూద్దామండీ" అన్నాను. చూద్దామంటే చెయ్యనని అర్థం. అది ఆవిడకీ తెలుసు.

పెట్టె తప్పుడు చేతుల్లో పడితే ఎలా అంటారా? దానికీ ఒక తాళముంది, అదేమిటో రాయను. పెట్టె వెనక మా కాలేజీ చిరునామాతో చీటీ ఒకటి అంటించి ఉంది, "దొరికినవారు దయచేసి పంపగలరు" అని. రూత్ సిస్టర్ దాన్ని గోరుతో గీకడం మొదలుపెట్టారు. కాలేజీ సొత్తు, చీటీ లేకపోతే నేను జవాబు చెప్పుకోవాలి. కాసేపు వాదించుకుని, చివరికి ఆ చీటీని బ్యాటరీ మూత లోపలికి మార్చాను.

అప్పుడే ఒకామె మెట్లెక్కి వచ్చింది. ఇక్కడ ఆమె పేరు సుశీల అనుకుందాం. ముప్పై దాటి ఉంటుంది. పంజాగుట్టలోనే ఒక చీరల షాపులో బిల్లులు కొడుతుంది. జాకెట్ కొలతలని చెప్పి కింద టైలరు బల్ల మీద తన ఫోన్ పెట్టి పైకొచ్చింది. ఫోన్ వెనక పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు స్టిక్కర్. అరగంటకోసారి ఆమె భర్త తన ఫోన్లో ఆ ఫోన్ ఎక్కడుందో చూస్తాడు. పటం మీద ఆమె చుక్క షాపు దాటితే వెంటనే కాల్ చేస్తాడు. అతను చేసే మిగతావాటి గురించి రూత్ సిస్టర్ నాకు ఒక్క వాక్యం చెప్పారు. ఆ వాక్యం నేను రాయలేను.

భోజనం వేళ ఫోన్ షాపు సొరుగులో వదిలేసి, పెట్టె చెప్పిన దారిలో నడిచి గదికి చేరాలి. ఇదీ ఆమె ఆలోచన. ఆ వేళ ఏ గది తెరిచి ఉందో ఆమెకి ముందు తెలియదు. తెలియకపోవడమే కావాలి. ఆమె పెట్టెని అరచేతిలో తూచి చూసి, "గింతేనా?" అంది.

సామ్నే అంటే దగ్గర కాదు

బుధవారం నేనే పెట్టె కట్టుకుని నడిచాను. ముందు ఒక్క మాట. ఊరు నాలుగు వైపులా పరుచుకుని ఉంటుంది. రేడియో మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకే వరసలో చదవాలి. పక్కపక్క సందులు ఆ వరసలో కూడా పక్కపక్కనే రావాలి, లేకపోతే పెట్టె మాటిమాటికీ నిద్ర లేవాల్సొస్తుంది. మెలికల ముగ్గు వేసేవాళ్లకి ఇది వింత కాదు. చుక్కలన్నీ పెట్టుకుని, చెయ్యెత్తకుండా ఒకే గీతని అన్ని చుక్కల పక్కనుంచీ తిప్పుతాం కదా. నా గీత పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ప్రతి సందునీ అలా చుట్టొస్తుంది. ఆ ముగ్గు మీద నాకు చాలా గర్వం.

మందుల షాపు అడిగాను. "కుడివైపు, ఎనభై అడుగులు" అంది పెట్టె చెవిలో. కుడివైపు తిరిగాను. షాపు బోర్డు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. నాకూ దానికీ మధ్య మాత్రం బస్సులు, ఆటోలు, మెట్రో స్తంభాలు, వాటి మధ్య నా భుజాల ఎత్తు ఇనప కంచె. అక్కడ నిలబడి కిందామీదా పడుతుంటే ఒక ఆటో అతను ఆపాడు.

"యాడికి మేడమ్?"

"ఆ మందుల షాపుకి."

"గది సామ్నేనే ఉన్నది గదా."

"అదే, ఎలా వెళ్లాలి?"

"గట్ల పోయి యూటర్న్ కొట్టి గిట్ల రావాలె. లేకుంటే మెట్రో మెట్లెక్కి అవతల దిగుండ్రి."

"మరి ఎదురుగానే ఉందన్నావుగా బాబూ?"

"సామ్నే అన్న మేడమ్. దగ్గర అన్ననా?"

నవ్వి వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. పదకొండేళ్లలో ముగ్గురు పరీక్షకులు పట్టుకోలేని తప్పు అతను ఆటో ఇంజన్ ఆపకుండానే పట్టుకున్నాడు. కాగితం మీద దగ్గరైనదంతా కాళ్లకి దగ్గర కాదు. సుశీలకున్నది ముప్పావుగంట భోజన విరామం. ఒక కంచె దగ్గర ఇలా నిలబడిపోతే ఆమె పని అయిపోయినట్టే.

ఒక ఇరానీ హోటల్లో మూల బల్ల పట్టుకుని ముగ్గు చెరిపి మళ్లీ వేశాను. పెద్ద రోడ్డుకి అటు ఒక ఊరు, ఇటు ఒక ఊరు. రెండింటినీ మెట్రో మెట్ల దగ్గర, దాటగలిగే చౌరస్తాల దగ్గర మాత్రమే కలిపాను. చాయ్ ఇరవై రూపాయలు, మూడు తాగాను. మా ఒంగోల్లో ఒక్క టీతో గంట కూర్చుంటే కొట్టువాడు బల్ల తుడిచే నెపంతో మన మోచేతులు తుడుస్తాడు. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో చాయ్ మాత్రం తనంతట తానే వచ్చింది.

చప్పుడు లేకుంటే ఎట్ల తెలవాలె?

గురువారం సుశీలతో రిహార్సల్. గది కాదు, అమీర్‌పేట వైపు ఒక చర్చి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లాలి. నేనూ రూత్ సిస్టరూ గేటు దగ్గర నిలబడ్డాం. ఇరవై నిమిషాల్లో రావాలి. ఇరవై అయిదైంది. అరగంటైంది. పెట్టె తన జాడ ఎవరికీ చెప్పదని గొప్పగా చెప్పుకున్నది నేనే గనక, ఆమె ఎక్కడుందో తెలుసుకునే దారి మాకు లేదు. రూత్ సిస్టర్ పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నారు. నేను స్తంభాలు లెక్కపెట్టాను.

ఆమె రాలేదు. నాలుగింటికి జాకెట్ పేరుతో టైలరు దగ్గరికి వచ్చి, పైకెక్కి పెట్టెని బల్ల మీద పెట్టింది.

"డబ్బా సచ్చిపోయింది మేడమ్."

బ్యాటరీ చూశాను. చుక్క లేదు. రోజంతా రావలసింది అరగంటలో ఎలా అయిపోయింది? అడిగితే చెప్పింది. పెట్టె మొదట "నేరుగా నడవండి" అంది, ఆ తర్వాత నోరు మూసుకుంది. నాలుగడుగులు వేసి, పోయిందేమోనని బటన్ నొక్కింది. బటన్ నొక్కితే పెట్టె నిద్ర లేచి మొత్తం మళ్లీ మొదట్నించీ వెతుక్కుంటుంది. దారి చెప్పి మళ్లీ పడుకుంటుంది. ఆమె మళ్లీ నొక్కుతుంది. మా ఇళ్లలో టీవీ రిమోట్ పనిచెయ్యకపోతే అరచేతిలో వేసి కొట్టినట్టు దాన్ని చరిచింది కూడా. ఒక పిల్లర్ కింద అది పూర్తిగా ఆగిపోయింది. ఎక్కడికి చేరాలో పెట్టెకే తెలుసు, ఎవరినైనా అడగాలంటే ఏమని అడగాలి? వెనక్కి తిరిగింది. ఈలోపు సొరుగులో ఫోన్ మూడుసార్లు మోగింది. పక్క కౌంటర్ అమ్మాయి ఎత్తి బాత్‌రూంకి పోయింది అని చెప్పింది.

"ఏమన్నడు?" అని అడిగారు రూత్ సిస్టర్.

"ఏమనలె. మంచిగనే మాట్లాడిండు. ఎల్లుండి సంది పని బంద్ అన్నడు. ఊరికి పోదమన్నడు." ఆ ఊరు ఎక్కడో కర్ణాటక సరిహద్దులో ఉందట. అక్కడ అతని అన్నదమ్ములు తప్ప ఎవరూ లేరట.

అంటే మిగిలింది శుక్రవారం ఒక్కటే. నాకు చాలా కోపమొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను, అతని మీద కాదు, ఆమె మీద. "బటన్ ఊరికే నొక్కొద్దని చెప్పాను కదమ్మా!" అన్నాను.

ఆమె తలెత్తి నా వైపు చూసింది. "చప్పుడు లేకుంటే ఉన్నదో సచ్చిందో ఎట్ల తెలవాలె మేడమ్?"

నా గ్రంథంలో నూట ఎనభై పేజీలున్నాయి. పెట్టె ఎంతసేపు నిద్రపోతే అంత గొప్ప అని అన్ని పేజీల్లోనూ ఉంది. ఆ నిద్ర పక్కన నడిచే మనిషికి ఎలా ఉంటుందో ఒక్క పేజీలో లేదు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

యూసుఫ్ భాయ్ పరదా

చరిచిన దెబ్బకి పెట్టెలో ఒక తీగ ఊడింది. రూత్ సిస్టర్ నన్ను అమీర్‌పేటలో ఒక గల్లీలోకి తీసుకెళ్లారు. రేడియోలు, మిక్సీలు బాగుచేసే యూసుఫ్ భాయ్ దుకాణం. వీళ్లిద్దరిదీ పాత పరిచయం. ఆయనకి అరవై పైనే ఉంటాయి. ముందు దుకాణం, మధ్యలో ఒక పరదా, వెనక ఇల్లు. పరదా వెనక ఆయన భార్య జుబేదా కుట్టుమిషన్ తొక్కుతున్న చప్పుడు.

ఆయన తీగ అతికిస్తూ, తల ఎత్తకుండానే, "హై క్యా?" అని పిలిచారు.

"హౌ" అని పరదా వెనక నుంచి జవాబు.

రెండు నిమిషాలకి మళ్లీ "హై క్యా?" మళ్లీ "హౌ". మూడోసారికి నేను ఉండబట్టలేక, "ఆవిడతో ఏమైనా పనుందా భాయ్? మేం ఆగుతాం" అన్నాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఏం పని లేదు మేడమ్. ఉన్నవా అంటున్న, ఉన్న అంటుంది. గంతే. పెండ్లైన కాన్నించి గిదే."

నేనూ రూత్ సిస్టరూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "మేడమ్, డబ్బాకు గిదే కావాలె" అన్నారు ఆవిడ.

నేను ఒప్పుకోలేదు. నిమిషానికోసారి మాట్లాడితే బ్యాటరీ ఏమవుతుంది, నా పట్టిక ఏమవుతుంది? యూసుఫ్ భాయ్ స్క్రూ బిగిస్తూ అన్నారు, "అరె, వినుడుకు తింటది బ్యాటరీ, మాట్లాడుడుకు గంత తినదు. రేడియో బంద్‌లనే ఉండనియ్యుండ్రి. లోపల గడియారం ఎట్లనూ నడుస్తది గదా. నిమిషానికోపారి రికార్డు చేసిన ఒక్క మాట. ఏమైతది? జర తగ్గుతది. ఫికర్ చెయ్యకుండ్రి."

లెక్క వేసి చూస్తే ఆయన చెప్పింది నిజమే. రోజంతా రాదు, సగం రోజు వస్తుంది. సుశీలకి కావలసింది ముప్పావుగంట. మిగతా సగం రోజూ కావలసింది నాకు.

గొంతు ఎవరిది? నేను లాప్‌టాప్ తెరిచి, "పరికరం పనిచేస్తోంది" అని రికార్డు చేశాను. రూత్ సిస్టర్ నవ్వాపుకోలేకపోయారు. "గట్ల వినవడితే ఆమె కరెంటాఫీసుకు ఫోన్ కలిసిందనుకుంటది." చివరికి జుబేదా పరదా పక్కకి జరిపి వచ్చారు. "ఉన్న" అన్నారు.

"ఉన్నాను అనండమ్మా" అన్నాను. పుస్తకాల అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఉన్నాను అంటే టీవీల వార్తలు చెప్పినట్టుంటది. నేను ఉన్న అనే అంట." అని మళ్లీ పరదా వెనక్కి వెళ్లి, మిషన్ ముందు కూర్చుని, మామూలుగా అన్నారు. దాన్నే పెట్టెలో ఎక్కించాను. చెవి పెట్టి వింటే వెనక మిషన్ చప్పుడు కూడా సన్నగా వినిపిస్తుంది. బటన్ మీద యూసుఫ్ భాయ్ నల్ల టేపు చుట్టేశారు. రూత్ సిస్టర్ పెట్టె మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, రేపు ఆ బిడ్డకు తోడుండు, గీ బ్యాటరీని సుత కాపాడు" అన్నారు. ఆవిడ ఆమేన్ అంటే యూసుఫ్ భాయ్ ఆమీన్ అన్నారు. పని అయ్యాక ఎంతివ్వాలని అడిగితే ఆయన చెయ్యి ఊపి మరో మిక్సీ ముందుకి లాక్కున్నారు.

శుక్రవారం

మొదటి రోజే బిగించిన ట్రాన్స్‌మిటర్ ఎర్రమంజిల్‌లో ఒక డాబా మీద ఉంది. శుక్రవారం పొద్దున్నే వెళ్లి తీగలన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. పక్క డాబా మీద ఒకామె వడియాలు పెడుతూ, కేబుల్ టీవీయా అని అడిగింది. అలాంటిదేనండీ అన్నాను.

ఒంటిగంటకి సుశీల బయల్దేరాలి. మా నియమం ఏమిటంటే, ఎవరూ వెంట వెళ్లకూడదు. చేరినా గదివాళ్లు ఫోన్ చెయ్యకూడదు. రూత్ సిస్టర్‌కి కూడా చెప్పరు. ఒంటిగంట దాటింది. ట్రాన్స్‌మిటర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. అంతకంటే చూడ్డానికి ఏమీ లేదు. దాన్ని విన్నవాళ్లున్నారో లేదో దానికి తెలియదు, నాకూ తెలియదు. నేను పదకొండేళ్లుగా పాఠంలో చెబుతున్న మంచి గుణం అదే. ఆ పూట మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

రెండున్నరకి ఇక ఉండలేక మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగాను. వెళ్లకూడదని తెలుసు. చీరల షాపు ముందునుంచి ఊరికే నడుచుకుంటూ పోదామనుకున్నాను. షాపు మెట్ల మీద ఒకతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా దువ్విన జుట్టు. చేతుల్లో రెండు ఫోన్లు. ఒకదాని వెనక పొద్దుతిరుగుడు పువ్వు.

నా కాళ్లు ఆగిపోయాయి. అతను నన్ను చూసి ఒక మెట్టు దిగాడు.

"మేడమ్, జర ఆగుండ్రి. గీ షాపుల పనిచేసే ఆమెను చూసిండ్రా? మా ఇంటామె. నీలం చీర."

"లేదండీ."

"గిదిగో చూడుండ్రి." తన ఫోన్ నా వైపు తిప్పాడు. పటం మీద నీలం చుక్క ఒకటి కొట్టుకుంటోంది. "సుక్క గీడనే ఉన్నది. మనిషి లేదు." అతని గొంతులో కోపం లేదు. లెక్క కుదరని గుమాస్తాలా చుక్కనీ మెట్లనీ మార్చి మార్చి చూస్తున్నాడు. "యాడికి పోతది? దగ్గర్లనే ఉంటది."

"నేను ఈ ఊరిదాన్ని కాదండీ" అన్నాను. అది నిజమే.

"మంచిది మేడమ్" అని దణ్ణం పెట్టాడు.

ఆ దణ్ణం చూశాక నాకు నిజంగా భయం వేసింది. మెట్రో మెట్లెక్కేదాకా వెనక్కి తిరగలేదు. పైన ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. మూడు రైళ్లు వదిలేశాను.

శనివారం పొద్దున బయల్దేరే ముందు రూత్ సిస్టర్ దగ్గరికి వెళ్లాను. ఉల్లిగడ్డ కారం పెట్టిన జొన్నరొట్టెలు దారికి కట్టిచ్చారు. "నాకు సుత తెలవదు మేడమ్" అన్నారు, నేను అడక్కముందే. "మీరు ఫోన్ చెయ్యకుండ్రి. నన్ను అడగకుండ్రి. తెలవకుంటనే మంచిది." సరేనండీ అన్నాను. దారిలో రొట్టె తిందామని విప్పి, తినబుద్ధి కాక మళ్లీ కట్టేశాను.

ఒంగోలు

నెల దాటింది. అడగలేదు, ఫోనూ చెయ్యలేదు. రాత్రుళ్లు నిద్ర బాగానే పట్టేది, పగలే ఎక్కడ పడితే అక్కడ ఆ నీలం చుక్క కనిపించేది. పరీక్షకుడు ఇచ్చిన గడువు దగ్గరపడింది. పట్టికలో రెండు వరసలు నేను నడిచినవి నింపాను. మూడోది, నిజమైన మనిషి చేతిలో నడిచింది, మిగిలింది.

ఒకరోజు లాబ్ అటెండరు ఒక చిన్న పార్శిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పంపినవాళ్ల పేరు లేదు. పైన తపాలా ముద్ర ఉంది. కళ్లజోడు పెట్టుకోకుండానే కవరు చింపి, ముద్ర ఉన్న ముక్కని నాలుగు ముక్కలు చేశాను. "ఎక్కడ్నించి మేడమ్?" అన్నాడతను. వచ్చింది కదా అన్నాను.

లోపల పెట్టె ఉంది. నల్ల టేపు అలాగే ఉంది. ఉత్తరం లేదు. ఎంత వెతికినా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మూత లోపల చీటీ ఉంది కదా, దొరికినవారు పంపగలరు అని. రోడ్డు మీద పడి ఉంటే ఎవరో పుణ్యాత్ములు పంపి ఉండొచ్చు. ఆమె గదికి చేరిందా, మధ్యలో దాన్ని పారేసిందా, అతను లాక్కున్నాడా? పెట్టెకి తెలుసు. దాని జ్ఞాపకంలో ఆమె వేసిన ప్రతి అడుగూ ఉంది, ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, బ్యాటరీ ఎంత మిగిలిందో. కేబుల్ పెడితే అర నిమిషంలో అన్నీ తెలుస్తాయి. నా మూడో వరస కూడా నిండుతుంది. మరిచిపోయేటట్టు చెయ్యుండ్రి అని రూత్ సిస్టర్ అన్న మాట గుర్తుంది. చూద్దామండీ అన్న నా మాట కూడా గుర్తుంది.

తలుపు దగ్గరికి వేసి, కేబుల్ తెచ్చుకున్నాను. ఒక్కసారి చూసి చెరిపేద్దాం అనుకున్నాను. కేబుల్ గుచ్చే చోటు బ్యాటరీ మూత లోపల ఉంటుంది. మూత తీశాను.

మా కాలేజీ చిరునామా చీటీ అలాగే ఉంది. దాని అంచున, బిల్లుల మీద రాసీ రాసీ అలవాటైన చిన్న అక్షరాలతో, నీలం పెన్నుతో ఒకే మాట రాసి ఉంది.

ఉన్న.

కళ్లు తుడుచుకున్నాను, దాచడమెందుకు. తర్వాత కేబుల్ పెట్టి, ఏమీ తెరవకుండా, పెట్టె జ్ఞాపకం మొత్తం చెరిపేశాను. గ్రంథం మర్నాడు పంపించాను. పట్టికలో ఆ మూడో వరస ఖాళీగానే ఉంది.